అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్: వీసా, నాన్న పాస్‌పోర్టులో పేరు, అమ్మ ఆవకాయ

నిజాంపేట్_వాసి
అందరికీ నమస్కారం. ఇక్కడ చదివేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయే బాపతు నేను. మొదటిసారి అడుగుతున్నా, కాస్త ఓపిక పట్టండి.

మే నెలలో బాబు సెలవుల్లో స్విట్జర్లాండ్ అనుకుంటున్నాం. ఐదుగురం: నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ బాబు, గుంటూరు నుంచి అమ్మానాన్న. నాన్నకి 68, అమ్మకి 62, ఇద్దరికీ బీపీ. ఎనిమిది రాత్రులు. యూరప్ ఎవరం చూడలేదు.

అసలు చిక్కు నాన్న పాస్‌పోర్టు. సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరు, పేరు కలిపి మొత్తం గివెన్ నేమ్‌లోనే కొట్టేశారు. మా కాలనీ ట్రావెల్స్ అతను "ఇలా ఉంటే యూరప్ వీసా రాదు సార్, పాస్‌పోర్టు మార్పించాల్సిందే, నేనే చేయిస్తా" అంటున్నాడు. నిజమేనా?

రెండోది అమ్మ తరఫున. ఆవకాయ, నెయ్యి తీసుకెళ్ళనిస్తారా? "ముందు ఆ సంగతి కనుక్కో, వీసా సంగతి తర్వాత" అంటోంది. నవ్వకండి, ఇంట్లో ఇది సీరియస్ విషయం.

లెక్కల_మాస్టారు
నిన్ననే మా వియ్యంకులకి ఇవన్నీ రాసిచ్చాను, అవే ఇక్కడా పెడుతున్నా.

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమిలో ఉంది, 2008 డిసెంబర్ నుంచి. కాబట్టి మీకు కావలసింది షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఆ 15 రోజుల్ని మాత్రం నమ్ముకోకండి. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. పైగా మే సెలవులకి హైదరాబాద్‌లో సగం మంది బయల్దేరతారు, స్లాట్ దొరకడమే కష్టం. ఫిబ్రవరిలో వేసేయండి.

ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 45. ఆరు లోపు పిల్లలకి లేదు. వీసా సెంటర్ సర్వీస్ ఛార్జీ దీనిమీద అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు వెనక్కి రాదు.

పాస్‌పోర్టుకి తిరుగు ప్రయాణం తేదీ తర్వాత ఇంకా మూడు నెలల గడువు ఉండాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి. మెడికల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తక్కువ కాకుండా, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా, మిమ్మల్ని ఇండియాకి తరలించే ఖర్చుతో సహా ఉండాలి. అమ్మానాన్నలకి తీసుకునేటప్పుడు ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తిస్తుందా లేదా అన్న లైను రెండుసార్లు చదవండి. చవక పాలసీల్లో మెలిక అక్కడే ఉంటుంది.

వేలిముద్రలకి పెద్దవాళ్ళు నలుగురూ స్వయంగా వెళ్ళాలి. ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు.

సర్‌నేమ్ విషయం: పాస్‌పోర్టు మార్చుకోవాల్సిన పనేమీ లేదు. ఆ ట్రావెల్స్ అతన్ని మార్చుకోండి.

నిజాంపేట్_వాసి
మాస్టారూ, ఆఖరి వాక్యానికి దండం. నాన్నకి చదివి వినిపించా, సగం దిగులు పోయింది.

డాలస్_బాబాయ్
పేర్ల విషయంలో నాలుగు దెబ్బలు తిన్నవాణ్ణి కాబట్టి కలగజేసుకుంటున్నా. మన తెలుగువాళ్ళకి ఇది ఊరుమ్మడి జబ్బు. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మధ్యలో ముగ్గురు దేవుళ్ళు. ఒకడికి సర్‌నేమ్ ఖాళీ, ఇంకొకడికి గివెన్ నేమ్ ఖాళీ, మా తమ్ముడికైతే మా నాన్న పేరే సర్‌నేమ్.

వీసా ఫారంలో పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే నింపండి. సొంత తెలివితో ఇంటిపేరు విడదీసి సర్‌నేమ్ గడిలో పెట్టొద్దు. విమానం టికెట్ దగ్గరే అసలు తంటా, ఎందుకంటే వాళ్ళ వెబ్‌సైట్ సర్‌నేమ్ లేనిదే ముందుకు కదలదు. ఒక ఎయిర్‌లైన్ పేరునే రెండు గడుల్లోనూ వేయమంటుంది, ఇంకొకటి గివెన్ నేమ్ దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టమంటుంది. బుక్ చేయకముందే వాళ్ళ కస్టమర్ కేర్‌ని చాట్‌లో అడిగి, ఆ జవాబు స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఇన్సూరెన్స్, హోటల్, టికెట్ మూడింట్లోనూ పేరు ఒకేలా పడాలి.

ఇంకోటి. దుబాయ్ మీదుగా వెళ్తూ మధ్యలో ఊరు చూద్దామనుకుంటే జాగ్రత్త. పేరు మొత్తం ఒకే ఒక్క పదంగా ఉన్న పాస్‌పోర్టులకి యూఏఈ వాళ్ళు 2022 నవంబర్ నుంచి విజిట్ వీసా దగ్గర అడ్డు చెప్తున్నారు. ఎయిర్‌పోర్టు దాటకుండా విమానం మారితే ఇబ్బంది లేదు.

ఓరుగల్లు_పిల్ల
మా ముచ్చట చెప్త అన్నా, మీకు అక్కరకొస్తది. పోయిన ఏడు మా అక్కా బావ అప్లై చేసిన్రు. అకౌంట్ల లక్షన్నర ఉండె. తక్కువ కొడ్తున్నయని మా చిన్నన్న అప్లై చేసే వారం ముందు ఆరు లక్షలు ఏసిండు. అంతే, రిజెక్ట్ కొట్టిన్రు. ఆ కాయితం మీద టిక్కులు పెడ్తరు చూడు, "పోయేదెందుకో, ఉండేదెట్లనో నమ్మేటట్టు లేదు" అన్నట్టు.

గా ఆరు లక్షలు ఏడికెల్లొచ్చినయో ఒక్క ముక్క రాయలేదు వీళ్ళు. రెండోసారి ఆ పైసలు వెనక్కిచ్చేసి, జీతం స్లిప్పులు, మూడేండ్ల ఐటీ రిటర్నులు, బావ ఆఫీసోళ్ళ లీవు లెటర్ పెట్టిన్రు. కవర్ లెటర్ల ఏ రోజు ఏ ఊర్ల ఉంటరో సక్కగ రాసిన్రు. వచ్చేసింది వీసా. పైసలు తక్కువున్నా ఫరక్ పడలే, లెక్క కుదిరింది గంతే.

లెక్కల_మాస్టారు
ఈ అమ్మాయి చెప్పింది బంగారం. స్విట్జర్లాండ్ వాళ్ళ కొలత మనిషికి రోజుకి సుమారు 100 ఫ్రాంకులు చూపించాలని, విద్యార్థులకైతే 30. అమ్మానాన్నల ఖర్చు మీరు పెట్టుకుంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. మీ సంతకంతో ఒక లెటరు, మీరు వాళ్ళ కొడుకని చూపే రుజువు, నాన్నగారి పెన్షన్ కాగితం జత చేయండి. వీసా అధికారి చూసేది ఒకటే: ఈ మనిషి తిరిగి వస్తాడా? గుంటూరులో ఇల్లు, పెన్షన్ ఉన్న 68 ఏళ్ళ మనిషికి జవాబు ఆ కాగితాల్లోనే ఉంది. మీరు చేయాల్సిందల్లా అవి ఒకదానికొకటి అడ్డం తిరక్కుండా చూసుకోవడం. హోటల్ బుకింగ్‌లో 8 రాత్రులు, లెటర్‌లో 9, ఇన్సూరెన్స్‌లో 7 ఉంటే దేవుడు కూడా కాపాడలేడు.

కడప_సామి
ఇంత తిప్పలు యాల సామీ. ప్యాకేజీలో పోతే వీసా వాళ్ళే సూసుకుంటారు, బస్సు వాళ్ళదే, పప్పన్నం వాళ్ళే పెడతారు. మేం పోయొచ్చినాం, పది రోజులకి ఆరు దేశాలు.

కాకినాడ_కాజా
ఆరు దేశాలా, ఆరు టాయిలెట్ స్టాపులా? 😄 మా అత్తగారు అలాగే వెళ్ళొచ్చారు. ఏం చూశారని అడిగితే "బస్సు సీట్లు మెత్తగా ఉన్నాయమ్మా" అన్నారు.

కడప_సామి
నవ్వుకోండి. మా నాయనకి మోకాలు నొప్పి. సూట్‌కేసు మోసుకోని రైలు ఎక్కి దిగే పని లేకుండా పోయొచ్చినాడు. అది సాలు మాకు.

జ్యూరిక్_అక్క
ఆయన మాటా కొట్టిపారేయకండి, మోకాళ్ళ నొప్పులుంటే ప్యాకేజీయే సుఖం. కానీ ఐదుగురు కలిసి, ఎనిమిది రాత్రులు ఒకే చిన్న దేశంలో అంటే సొంతంగా రావడానికి దీన్ని మించింది లేదు. ఇక్కడ రైలు ఎక్కడం కోఠీలో సిటీ బస్సు ఎక్కడం కంటే తేలిక. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా కాబట్టి తెలిసినవి చెప్తా. కాస్త పెద్దదవుతుంది.

ముందు అమ్మగారి ప్రశ్న. ఆవకాయ తెచ్చుకోవచ్చు. నెయ్యి కుదరదు. యూరప్ బయటి దేశాల నుంచి మాంసం, పాలు, పాలతో చేసినవి తేవడం ఇక్కడ నిషేధం. నెయ్యి, కోవా, పాలపొడి, పనీర్ అన్నీ అందులోకే వస్తాయి. పూతరేకులు కూడా నేనైతే తేను, నెయ్యి ఉంది కదా. కరివేపాకు, పచ్చిమిర్చి లాంటి పచ్చి సరుకులు కూడా సంచిలో పెట్టొద్దు, వాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. నెయ్యి లేదని అమ్మగారిని బాధపడొద్దని చెప్పండి. ఇక్కడ మిగ్రోస్, కూప్ అని రెండు పెద్ద దుకాణాలు వీధికొకటి ఉంటాయి. వాటిలో "బ్రాట్‌బుట్టర్" అని దొరుకుతుంది. కాచిన వెన్నే అది, మన నెయ్యికి దగ్గరి చుట్టం. కరివేపాకు కావాలంటే శ్రీలంక తమిళుల కొట్లు ఉన్నాయి, జ్యూరిక్‌లో లాంగ్‌స్ట్రాసె వైపు చూడండి. ఈ దేశంలో మునక్కాయ దొరుకుతోందంటే వాళ్ళ పుణ్యమే.

ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులోనే. చేతి సంచిలో పెడితే నూనె పచ్చడిని ద్రవం కింద లెక్కేసి సెక్యూరిటీలో తీసి పారేస్తారు. సీసా వద్దు, మందపాటి కవరులో పోసి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, ఆ పైన స్టీలు డబ్బాలో.

అపార్ట్‌మెంట్ తీసుకోండి, హోటల్ కాదు. మంచు కొండల కింద మనవాళ్ళు ఎక్కువగా మకాం వేసే ఇంటర్‌లాకెన్ ఊళ్ళో భారతీయ హోటళ్ళు చాలానే ఉన్నాయి గానీ ఒక్క కూర 25 ఫ్రాంకులు దాటుతుంది, ఐదుగురికి రెండు పూటలా అంటే లెక్క వేసుకోండి. అపార్ట్‌మెంట్‌లో మూడు జాగ్రత్తలు. పోపు వేసేటప్పుడు కిటికీ తీసి, ఎగ్జాస్ట్ వేసుకోండి, ఎండుమిర్చి ఘాటుకి పొగ అలారం మోగిన ఇళ్ళు నాకు తెలుసు. రాత్రి పది దాటాక గట్టిగా మాట్లాడొద్దు, పై ఇంటాయన నిజంగానే వచ్చి తలుపు కొడతాడు. చెత్త మామూలు కవర్లో కట్టి వీధిలో పెట్టొద్దు. జ్యూరిక్‌లో దానికి ప్రత్యేకంగా డబ్బు పెట్టి కొనే సంచి ఉంటుంది, "జ్యూరి-సాక్" అంటారు. మిగతా ఊళ్ళలోనూ ఇలాంటిదే ఏదో ఒకటి ఉంటుంది, ఇంటివాళ్ళని అడగండి.

నీళ్ళ సీసాలు కొనకండి, కుళాయి నీళ్ళు తాగడమే. జ్యూరిక్ ఊళ్ళోనే 1,200కి పైగా నీటి ధారలు వీధుల్లో పారుతుంటాయి, సీసా పట్టుకుని తాగేయడమే. "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డు ఉంటే మాత్రం తాగకూడదని అర్థం.

ఆదివారం కొట్లు మూత. పెద్ద స్టేషన్లలో ఉన్నవి తెరిచే ఉంటాయి. మే నెలలో అసెన్షన్ గురువారం అని ఒక సెలవు వస్తుంది, అదీ ఆదివారం లెక్కే. పాలు, పెరుగు ముందురోజే తెచ్చిపెట్టుకోండి.

నిజాంపేట్_వాసి
అక్కా, ఇది అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించా. నెయ్యి దగ్గర ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "ఆ బ్రాట్ ఏదో కాగితం మీద రాసివ్వు" అంది. గెలిచాం.

రైలు పాసుల సంగతి చెప్పండి. స్విస్ ట్రావెల్ పాస్ కొనాలా, వద్దా? వీడియోల్లో ఒక్కొక్కడు ఒక్కోలా చెప్తున్నాడు.

లెక్కల_మాస్టారు
లెక్క అన్నారు, నేను రాకపోతే బాగోదు.

స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. రైళ్ళు, బస్సులు, పడవలు, ఊళ్ళలో ట్రాములు అన్నీ అందులోకే. రిగి, స్టాన్‌సర్‌హార్న్ కొండలు ఎక్కడం కూడా ఉచితం. టిట్లిస్ కొండకి సగం ధర. మంచు కొండల మీద రైలు ఎక్కి చేరే జుంగ్‌ఫ్రౌయోఖ్‌కి మాత్రం కిందున్న గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ ఊళ్ళ దాకానే ఉచితం, అక్కణ్ణుంచి పైకి 25 శాతం తగ్గింపు మాత్రమే. చాలామంది "పాస్ ఉందిగా" అని ఎక్కి, అక్కడ గుండె పట్టుకుంటారు.

రెండో దారి హాఫ్ ఫేర్ కార్డు. 150 ఫ్రాంకులు, నెల రోజులు చెల్లుతుంది, దాదాపు అన్నిటికీ సగం ధర, జుంగ్‌ఫ్రౌయోఖ్‌తో సహా. ఇంటర్‌లాకెన్‌లోనే మకాం వేసి రెండు మూడు కొండలు చూసి వచ్చేవాళ్ళకి ఇది లాభం. రోజూ ఒక ఊరు తిరిగేవాళ్ళకి పాస్ లాభం. ఏది తీసుకున్నా బాబుకి ఫ్యామిలీ కార్డు అడగండి, అమ్మో నాన్నో వెంట ఉంటే పదహారేళ్ళ లోపు వాళ్ళకి ఉచితం.

నా ఓటు మీకు హాఫ్ ఫేరే. పెద్దవాళ్ళతో రోజుకో ఊరు తిరగలేరు.

జ్యూరిక్_అక్క
నేను పాస్ వైపు, మాస్టారూ. డబ్బు లెక్కలో మీరే కరెక్టు కావచ్చు. కానీ పాస్ ఉంటే ప్రతిసారీ టికెట్ తీయాలన్న ధ్యాస ఉండదు. మా మామగారు వచ్చినప్పుడు మధ్యాహ్నం భోంచేసి, ఏం తోచక వచ్చిన పడవ ఎక్కేసి, థున్ సరస్సు మీద రెండు గంటలు తిరిగొచ్చేవారు. ఒక్కో మనిషికి ఇంత అని లెక్క చూసుకుంటే ఎక్కేవారా? ఇక్కడ ప్లాట్‌ఫారం మీద గేట్లు ఉండవు, రైల్లో చెకింగ్ వస్తుంది. టికెట్ లేకుండా దొరికితే "తెలియదండీ" అంటే వినరు.

కాకినాడ_కాజా
రైలు అనగానే నా కథ చెప్పకుండా ఉండలేను. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్లో లౌటర్‌బ్రూనెన్ అనే ఊరి రైలు ఎక్కాం. జనం బాగా ఉన్నారు. నేను, మా ఆయన, పాప ఒక పెట్టెలో, అత్తగారు, మా మరిది వెనక పెట్టెలో. అందరం ఒకే రైల్లో ఉన్నాం కదా అని ధీమా. ఇరవై నిమిషాల్లో దిగిపోవడమే. దిగి చూస్తే వెనక పెట్టెలు లేవు!

ఆ రైలు త్స్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్లో రెండు ముక్కలవుతుందట. ఒక ముక్క లౌటర్‌బ్రూనెన్‌కి, రెండోది గ్రిండెల్‌వాల్డ్‌కి. పెట్టెల మీద రాసే ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద కూడా ఏ సెక్టార్ ఎటో చూపిస్తారు. మేం చూస్తేగా! టిఫిన్ బాక్సు అత్తగారి దగ్గర. డబ్బులు మా దగ్గర. మా మరిది ఫోన్‌లో సిమ్ లేదు, హోటల్ వైఫైతో నెట్టుకొస్తున్నాడు. గంటన్నర తర్వాత గ్రిండెల్‌వాల్డ్ స్టేషన్ వైఫై పట్టుకుని ఫోన్ చేశాడు. అత్తగారు అప్పటికే పులిహోర సగం తినేశారు. "మీరు వస్తారో రారో అని" అన్నారు.

కాబట్టి ప్రతి మనిషికీ ఒక సిమ్, లేదా ఇ-సిమ్. డబ్బు ఆదా చేసే చోటు అది కాదు.

జ్యూరిక్_అక్క
పాపం, వాళ్ళని వెనక్కి రమ్మన్నారా? జుంగ్‌ఫ్రౌ వైపే వెళ్తుంటే ఆ అవసరమే లేదు. ఆ రెండు దారులూ పైన క్లైనె షైడెగ్ దగ్గర కలుస్తాయి. లౌటర్‌బ్రూనెన్ వాళ్ళు వెంగెన్ మీదుగా, గ్రిండెల్‌వాల్డ్ వాళ్ళు అటునుంచి ఎక్కి, 2,061 మీటర్ల ఎత్తున మళ్ళీ కలుసుకోవచ్చు. అత్తగారు ఐగర్ కొండ చూస్తూ మిగతా పులిహోర తినేవారు.

కాకినాడ_కాజా
ఆవిడకి ఈ సంగతి చెప్పను గాక చెప్పను.

డాలస్_బాబాయ్
అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి నాలుగు ముక్కలు. హెచ్‌1బీ మీద ఉన్నా మనది ఇండియా పాస్‌పోర్టే, షెంగెన్ వీసా తప్పదు, అమెరికాలోనే అప్లై చేసుకోవాలి. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంటే యూరప్ వెళ్ళడం సులువే, అమెరికా తిరిగి రావడమే కష్టం. ముందు అది చూసుకోండి.

అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లలకి వీసా అక్కర్లేదు. వాళ్ళలాంటి వీసా అక్కర్లేనివాళ్ళ కోసమే "ఎటియాస్" అనే ముందస్తు అనుమతి తెస్తున్నారు, 20 యూరోలని ప్రకటించారు, 18 లోపు పిల్లలకి ఫీజు లేదు. వీసా తీసుకునే మనకి దానితో పని లేదు. ఎవరైనా "ఇండియన్లకి ఎటియాస్ చేసిపెడతాం" అని డబ్బులడిగితే అది మోసం.

మన అందరికీ సంబంధించింది "ఈఈఎస్", అంటే ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్. 2025 అక్టోబర్ 12న మొదలుపెట్టారు, 2026 ఏప్రిల్ 10 నాటికి సరిహద్దులన్నిట్లో అమలు అన్నారు. పాస్‌పోర్టు మీద స్టాంపు బదులు కంప్యూటర్లో నమోదు. మన వేలిముద్రలు వీసాతోనే వాళ్ళ దగ్గర ఉంటాయి కాబట్టి ముఖం ఫొటో తీస్తారు. దీనికి ఫీజేమీ లేదు, ముందుగా చేసుకోవాల్సిందీ ఏమీ లేదు. లైను మాత్రం పొడుగ్గా ఉండొచ్చు, కనెక్టింగ్ విమానం గంటలో పెట్టుకోకండి.

ఓరుగల్లు_పిల్ల
ఇంకొకటి అన్నా. వీసా చేతికి రాంగనే స్టిక్కర్ సదువుండ్రి. తారీఖు మొదలు, ఆఖరు, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు, ఇయన్ని ఏరేరు. తారీఖుల నడుమ 25 రోజులున్నా, "రోజులు" కాడ 10 అని ఉంటే పదే ఉండాలె. మా బావ గది సూడక ఇంక వారం ఉండొచ్చనుకున్నడు. ఎంట్రీ ఒకటే ఉంటే మధ్యల లండన్ పోయి మళ్ళ రానియ్యరు.

నిజాంపేట్_వాసి
అప్‌డేట్: ఫిబ్రవరి రెండో వారంలో వేశాం, పందొమ్మిదో రోజున ఐదు పాస్‌పోర్టులూ వచ్చాయి. అందరికీ వీసా! నాన్నకి కూడా, ఆ ఖాళీ సర్‌నేమ్‌తోనే. స్టిక్కర్ చదివాం, సింగిల్ ఎంట్రీ, ప్రయాణం రోజులకి సరిపోయేలా ఇచ్చారు. కాలనీ ట్రావెల్స్ అతనికి చూపిస్తే "మీకు లక్ ఉంది సార్" అన్నాడు.

ఇంకో ప్రశ్న. అమ్మానాన్నలని జుంగ్‌ఫ్రౌయోఖ్ ఎక్కించాలా, వద్దా? బీపీ అన్నాను కదా.

జ్యూరిక్_అక్క
3,454 మీటర్లు. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళకి ఆ ఎత్తు మాటలు కాదు. ముందు వాళ్ళ డాక్టర్ని అడగండి, అది మేం చెప్పేది కాదు. ఆయన సరేనంటే వచ్చిన రెండో రోజే కాకుండా నాలుగైదు రోజులయ్యాక పెట్టుకోండి. పైన మెల్లగా నడవాలి, పరిగెత్తకూడదు, నీళ్ళు తాగుతూ ఉండాలి. తల తిరిగితే మొహమాటపడకుండా తర్వాతి రైల్లో కిందికి దిగిపోవాలి.

టికెట్ కొనేముందు పైన పెట్టిన కెమెరా చూడండి, ఫోన్లోనే ప్రత్యక్షంగా వస్తుంది. మబ్బు పట్టి ఉంటే మనిషికి అంత డబ్బు పోసి తెల్లగోడ చూసి రావడమే. మే నెలలో ఇంకో తిరకాసు, కొన్ని రోప్‌వేలు మరమ్మతులకి మూస్తారు. మీరు అనుకున్న ప్రతి కొండకీ తేదీలు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

మందులు నెలకి సరిపడా తెచ్చుకోవచ్చు, చీటీ వెంట ఉంచుకోండి. అంబులెన్స్‌కి 144, ఏ అవసరానికైనా 112.

కడప_సామి
డబ్బులు ఎట్ల తీసకపోవాల అనేది ఎవురూ సెప్పల్యా. మావోళ్ళు యూరోలు తీసకపోయినారు, కొట్టోడు యూరోలు తీసుకోని ఫ్రాంకులు చిల్లర ఇచ్చినాడు, వాడికి ఇష్టమొచ్చిన రేటుకి.

లెక్కల_మాస్టారు
చక్కగా గుర్తుచేశారు. స్విట్జర్లాండ్ డబ్బు ఫ్రాంకు, యూరో కాదు. కార్డు దాదాపు ప్రతిచోటా నడుస్తుంది. విదేశీ లావాదేవీ మీద మార్కప్ లేని కార్డు ఒకటి, వేరే బ్యాంకుది ఇంకొకటి. రెండూ ఒకే పర్సులో పెట్టకండి. మిషన్ మీద "రూపాయల్లో చెల్లిస్తారా, ఫ్రాంకుల్లోనా" అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి, రూపాయలు నొక్కితే రేటు వాడిది. నోట్లు మనిషికి వంద ఫ్రాంకులు చాలు. స్టేషన్ టాయిలెట్‌కి ఒకటి రెండు ఫ్రాంకులు అడుగుతారు, చిల్లర నాణేలు అమ్మగారి దగ్గర ఉంచండి.

నిజాంపేట్_వాసి
వెళ్ళొచ్చాం! నిన్న రాత్రే దిగాం, నిద్ర పట్టక రాస్తున్నా.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్ళాం. ఇమిగ్రేషన్ అంతా అక్కడే. ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు, తిరుగు టికెట్ ఏదీ అని అడిగాడు, ముఖాలు ఫొటో తీశాడు, ఐదుగురికీ కలిపి పది నిమిషాలు. లైనులో మాత్రం గంటంబావు. జ్యూరిక్‌లో దిగాక పాస్‌పోర్టు అడిగేవాళ్ళే లేరు. నాన్న బయటి తలుపు దగ్గర ఆగిపోయాడు. "ఎవరూ చూడలేదురా, ఏదో కౌంటర్ మర్చిపోయి వచ్చేశాం, వెనక్కి పద" అంటాడు. షెంగెన్ లోపలికి వచ్చేశాక అది మన హైదరాబాద్ నుంచి విజయవాడ విమానం లాంటిదని చెప్పి బయటికి లాగాల్సి వచ్చింది. బయటికొచ్చినా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

మొదట హాఫ్ ఫేర్ కార్డే అనుకుని, ఆఖర్న పాస్ తీసుకున్నాం. మాస్టారు క్షమించాలి. మా ఆవిడ లెక్క వేసింది, హాఫ్ ఫేర్ అయితే ఐదారు వేలు మిగిలేవట. కానీ అక్క చెప్పినట్టే అయింది. నాన్న రోజూ సాయంత్రం పడవ. తొమ్మిది దాకా వెలుతురే కాబట్టి రెండుసార్లు కూడా ఎక్కాడు.

త్స్వైలూట్షినెన్ దాటేదాకా మా అబ్బాయి అందరినీ ఒకే పెట్టెలో కూర్చోబెట్టి లెక్కపెట్టాడు. కాకినాడ_కాజా గారికి వాడి తరఫున థాంక్స్.

జుంగ్‌ఫ్రౌయోఖ్‌కి నాన్న, నేను, బాబు వెళ్ళాం. అమ్మ డాక్టర్ వద్దన్నాడు. ఆవిడ, మా ఆవిడ కింద వెంగెన్‌లో బెంచీ మీద కూర్చుని ఆవుల గంటలు వింటూ ఉన్నారట, ఆ పూటే బాగుందని ఇద్దరూ అంటున్నారు. పైన నాన్నకి పావుగంటకే కాస్త తల తిరిగింది, కూర్చోబెట్టి నీళ్ళిచ్చాక సర్దుకుంది. కింద స్వెట్టర్ కూడా బరువైన రోజున పైన చేతి తొడుగులు లేక వేళ్ళు కొంకర్లు పోయాయి. తొడుగులు మాత్రం మర్చిపోకండి.

ఒక ఆదివారం పెరుగు లేక ఇబ్బందిపడ్డాం. చెప్పినా వినలేదు, మాదే తప్పు.

ఆ బ్రాట్‌బుట్టర్ మొదటి రోజే కొన్నాం. అమ్మ మూత తీసి వాసన చూసి, వేలితో కాస్త నాలిక మీద వేసుకుని, ఏమీ అనకుండా ముద్దపప్పులో వేసింది. రెండోరోజు ఇంకో డబ్బా తెమ్మంది.

జ్యూరిక్_అక్క
అంటే నచ్చినట్టే. మా అమ్మ కూడా ఇంతే, బాగుందని నోటితో అనదు.

కొత్త_సభ్యుడు_విశాఖ
నమస్తే అండి, మేం ఆగస్టులో వెళ్తున్నాం. పైనవన్నీ చదవలేదు, క్షమించండి. ఆవకాయ తీసుకెళ్ళొచ్చా? ఎలా ప్యాక్ చేయాలి?

నిజాంపేట్_వాసి
తీసుకెళ్ళొచ్చు, చెక్-ఇన్ బ్యాగులో, కవరులో పోసి స్టీలు డబ్బాలో. అక్క రెండు కవర్లు చెప్పారు. అమ్మ పక్కనే ఉంది, నా తెల్ల చొక్కా వంక చూస్తూ మూడు వేయమంటోంది.